బట్టమేక పిట్టా, మొదటి వాక్యమూ

ఇరవై ఏళ్లుగా కాలేజీలో తెలుగు చెబుతున్నాను. ఉపోద్ఘాతం, విషయ వివరణ, ఉపసంహారం అని వ్యాసానికి మూడు భాగాలుంటాయని బల్ల మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. పిల్లల వ్యాసాలు కట్టలకు కట్టలు దిద్దాను. అటువంటిదాన్ని, కిందటి దసరా సెలవులకు ముందు ఒకే ఒక్క వాక్యం దగ్గర మూడు రోజులపాటు చతికిలబడ్డాను. ఆ వాక్యం నాది కూడా కాదు, మా అమ్మాయిది.

ఏటా అక్టోబరు మొదటి వారంలో వన్యప్రాణి వారోత్సవాలు జరుగుతాయి గదా. ఆ సందర్భంలో పదో తరగతి పిల్లలకు వ్యాసరచన పోటీ పెట్టారు. విషయం "అంతరించిపోతున్న ఒక ప్రాణి". ఇంతవరకు కొత్తేమీ లేదు. కాని నిబంధనల కాగితంలో చిన్న మెలిక ఉన్నది. వ్యాసం మొదలుపెట్టే ముందు, అందులో తాము నిరూపించబోయేది ఏమిటో ఒకే వాక్యంలో రాయాలట. ఇంగ్లీషు క్లాసులో దీన్ని థీసిస్ స్టేట్‌మెంట్ అంటారని మా అమ్మాయి చెప్పింది.

"తెలుగులో ఏమంటారమ్మా?" అని అడిగింది.

సిగ్గు విడిచి చెబుతున్నాను, వెంటనే జవాబు రాలేదు. వ్యాసానికి మొదలూ తుదీ ఎలా ఉండాలో చెప్పాను గాని, మొత్తం వ్యాసాన్ని భుజాన మోసే వాక్యం ఒకటి ఉండాలని ఇన్నేళ్లలో ఏ తరగతిలోనూ చెప్పలేదు. కాసేపు ఆలోచిస్తే ఎం.ఏ.లో అంతోయింతో చదివిన తర్కశాస్త్రం గుర్తుకు వచ్చింది.

"ప్రతిజ్ఞ అంటారు" అన్నాను.

"రోజూ బడిలో చెయ్యి చాపి చెబుతామే, అదా?"

"అది కాదు. నేను ఫలానా మాట అంటున్నాను, దాన్ని నిలబెట్టుకుంటాను అనడం."

మన నైయాయికులు ఒక సంగతిని నిరూపించడానికి అయిదు మెట్లు కట్టారు. ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. దూరాన కొండ మీద పొగ కనిపించిందనుకోండి. కొండ మీద నిప్పున్నది అనడం ప్రతిజ్ఞ. ఎందుకని? పొగ ఉన్నది కనుక, ఇది హేతువు. పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, వంటింట్లో చూడటం లేదా, ఇది ఉదాహరణ. ఈ కొండ మీదా అటువంటి పొగే ఉన్నది, ఇది ఉపనయం. కనుక కొండ మీద నిప్పున్నది, ఇది నిగమనం. బయలుదేరిన చోటికే తిరిగి వచ్చాం గాని, ఈసారి ఉత్తచేతులతో రాలేదు.

"మన వంటింట్లో పొగెక్కడుందమ్మా? గ్యాసు పొయ్యి గదా!" అన్నది మా అమ్మాయి.

తర్కసంగ్రహం రాసిన అన్నంభట్టుకు ఈ చిక్కు రాలేదు పాపం!

"సరే, ఏ ప్రాణి గురించి రాస్తావు?" అని మాట మార్చాను.

"పులి గురించి అందరూ రాస్తారు. నేను బట్టమేక పిట్ట గురించి రాస్తాను. తాతావాళ్ల ఊరి పక్కన ఉండేది గదా. మిడతలు తినే పిట్ట మిడుతూరు మండలంలో కాక ఇంకెక్కడుంటుంది!"

మా మామగారి ఊరు రోళ్లపాడుకు దగ్గర. నందికొట్కూరు పక్క మిడుతూరు మండలంలో ఉన్నది రోళ్లపాడు. మొన్నమొన్నటిదాకా కర్నూలు జిల్లా. 2022 నుంచి నంద్యాల జిల్లా. ఈ పిట్ట పుణ్యాన ఆ చిన్న ఊరి పేరు దేశమంతా తెలిసింది.

పేరులో మేక ఉన్నా ఇది మేక కాదు, నిక్షేపంలాంటి పక్షి. నిలుచుంటే సుమారు మీటరు ఎత్తు. మగపిట్ట 15 కిలోల దాకా తూగుతుంది. ఎగరగల పక్షుల్లో ఇంత బరువైనవి ప్రపంచంలోనే బహు కొద్ది. తల మీద నల్లని టోపీ, తెల్లని పొడుగాటి మెడ, మట్టిరంగు వీపు. జత కోసం పిలిచేటప్పుడు మగపిట్ట మెడ కింది తిత్తిని ఉబ్బించి వేలాడదీసి, దూరానికి వినిపించేలా గంభీరంగా కూస్తుంది. ఆడపిట్ట సాధారణంగా ఏడాదికి ఒకే గుడ్డు పెడుతుంది. గూడు కట్టదు; నేల మీదనే పెట్టి, సుమారు నాలుగు వారాలు ఒంటరిగా పొదుగుతుంది. దీన్ని జాతీయ పక్షి చేయాలని పక్షిశాస్త్రవేత్త సలీం అలీ కోరారు. 1963లో ఆ గౌరవం నెమలికి దక్కింది. 1969లో దేశం మొత్తం మీద ఈ పిట్టలు సుమారు 1,260 ఉండవచ్చునని అంచనా వేశారు. 2018 నాటికి ఆ అంచనా 150కి దిగింది. ఉన్నవాటిలో ఎక్కువ భాగం రాజస్థాన్‌లోని థార్ ఎడారిలోనే. మన రోళ్లపాడులో కనిపించడమే గగనమైపోయింది.

పేరు మార్చి చూడండి

మా అమ్మాయి మొదట రాసిన వాక్యం ఇది: "బట్టమేక పిట్ట అంతరించిపోతున్న పక్షి."

"కాదని ఎవరైనా అంటారా?" అని అడిగాను.

"ఎవరూ అనరు."

"అయితే ఇక నిరూపించేదేముంది?"

ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘంవారు 2011లోనే దీన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చారు. ఆ సంగతి చెప్పడం వార్త అవుతుంది, ప్రతిజ్ఞ కాదు. కొండ మీద పొగ ఉన్నదని అందరికీ కనిపిస్తూనే ఉన్నది. నిప్పు ఎక్కడున్నదో చెప్పాలి.

అరగంట తరువాత రెండో వాక్యం తెచ్చింది: "బట్టమేక పిట్టను కాపాడుకోవడం మనందరి కర్తవ్యం."

చూడగానే నాకు ముచ్చటేసింది. ఇటువంటి వాక్యానికి పదికి ఎనిమిది మార్కులు వేయడం నాకు అలవాటు. ఎర్రసిరా కలం చేతికి తీసుకున్నదాన్నే, ఏదో అనుమానం వచ్చి, "బట్టమేక తీసేసి అక్కడ ఏనుగు అని పెట్టి చదువు" అన్నాను. చదివింది. వాక్యానికి ఏ ఇబ్బందీ లేదు. నక్షత్ర తాబేలు అని పెట్టింది. బాగానే ఉన్నది. చివరికి మా వారు పడక కుర్చీలోంచి, "మన వీధి చెరువు అని పెట్టు" అన్నారు. అదీ కుదిరింది!

ఊళ్లో ప్రతి తాళానికీ పట్టే తాళంచెవి ఏ ఇంటిదీ కాదు. బట్టమేకకు వచ్చిన కష్టం బట్టమేకది. అది పులి కష్టం కాదు, ఏనుగు కష్టం కాదు. పేరు మార్చినా చెక్కుచెదరని వాక్యంలో ఆ ప్రాణి లేదన్నమాటే. ఈ పరీక్ష నాకు అప్పటికప్పుడు తట్టింది గాని, తట్టిన తరువాత నాకే కొంచెం బాధ కలిగింది. ఇరవై ఏళ్లుగా నేను ఎనిమిది మార్కులు వేసిన వాక్యాలన్నీ వరుసగా కళ్ల ముందు నిలిచాయి. వాటిలో సగం నేను చెప్పి రాయించినవే.

నాది దురాశా?

మర్నాడు సాయంకాలం మూడో వాక్యం తయారైంది: "మానవుని దురాశవల్ల బట్టమేక పిట్ట అంతరించిపోతున్నది."

ఈసారి కారణం చెప్పింది. ఇందులో ఒకరి మీద అభియోగం ఉన్నది, కనుక వాదానికి చోటున్నది. "భేష్, పైకి చదువు" అన్నాను. వరండాలో మా మామగారు పేపరు చదువుకుంటున్నారు. ఆయనకూ వినిపించేలా గట్టిగా చదివింది.

మామగారు పేపరు ఒళ్లో పెట్టుకున్నారు. "ఏ మానవునిదమ్మా?" అని అడిగారు.

మా అమ్మాయి తెల్లబోయింది. "అంటే... మనుషులందరిదీ తాతా."

"మనుషులందరూ అంటే నాకు తెలీదు. ఆ పిట్ట పక్కన సేద్యం చేసినోణ్ని నేను. నా సంగతి చెబుతా, విను."

డెబ్బై దాటిన మనిషి. ఎప్పుడూ గొంతు పెంచరు. ఆ రోజూ పెంచలేదు. ఆయన పడుచుతనంలో వానలు పడ్డాక బట్టమేకలు చేలల్లో దిగేవట. మిడతల్నీ పురుగుల్నీ ఏరుకు తినేవి. చేనికి మంచిదే అనుకునేవారు తప్ప ఎవరూ తరిమేవారు కాదు. 1988లో రోళ్లపాడును అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 614 హెక్టార్లు. పిట్టకు కాపలా వచ్చింది. ఆ కాపలాలో కృష్ణజింకలు కూడా సుఖపడ్డాయి. మొదట్లో కొన్నే ఉన్నవి వందల్లోకి పెరిగాయి.

"పిట్టకని పెట్టిన కాపలాలో జింక పెరిగె. జింకకు గట్టు తెలుస్తుందా? చీకటి పడితే మందలు మందలుగా మా శనగచేలో దిగేవి. కొడదామంటే చట్టం. ఊరుకుందామంటే అప్పు. చలికాలమంతా మంచె మీద కూచుని డబ్బా కొట్టినాం. తెల్లారి చూస్తే మోళ్లు ఉండేవి. ఆ కడుపుమంటలో పిట్టను కూడా తిట్టుకున్నాం, దానిది ఏ తప్పూ లేకపోయినా. అట్ల కూచున్నోడిది దురాశా తల్లీ?"

అని లేచి లోపలికి వెళ్లిపోయారు. కాఫీ తీసుకువెళితే వద్దన్నారు.

మా అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకున్నది. కోడల్ని, నేను మాత్రం ఏమనగలను? వాక్యం మా అమ్మాయి రాసినా, భేష్ అన్నదాన్ని నేనే గదా. ఆ రాత్రి అంట్లు తోముకుంటూ ఆలోచిస్తే తెలిసింది, మామగారి మనసు కష్టపడటం ఒక్కటే కాదు, ఆ వాక్యంలో తర్కం కూడా చెడింది. అతివ్యాప్తి దోషమని ఒకటున్నది. చెప్పిన మాట అవసరమైనదానికన్నా ఎక్కువ మేరకు పరుచుకోవడం. మనిషి దురాశే కారణమైతే కాకి ఎందుకు చల్లగా ఉన్నది? గోరింక ఎందుకు పెరుగుతున్నది? అవి కూడా ఈ మనుషుల మధ్యనే బతుకుతున్నాయి గదా. దురాశ అనేది అందరి మీదా పడే మాట. అందరి మీదా పడేది ఎవరికీ తగలదు. తగిలితే, తగలకూడని మనిషికి తగులుతుంది.

అరణ్యం అక్కరలేని పిట్ట

మూడో రోజు ఆదివారం. మా అమ్మాయి పట్టుదలతో పుస్తకాలూ పాత పత్రికల కత్తిరింపులూ ముందేసుకుని కూర్చున్నది. ఈసారి వాక్యం కరెంటు తీగల మీదికి మళ్లింది.

అందులో నిజం లేకపోలేదు. బట్టమేక కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. చుట్టుపక్కల నుంచి వచ్చే అపాయం బాగా కనిపిస్తుంది గాని, సూటిగా ఎదుట ఉన్నది అంతగా కనిపించదు. బరువైన పక్షి కావడంతో ఎగురుతూ ఎగురుతూ చటుక్కున పక్కకు తిరగలేదు. థార్ ఎడారిలో గాలిమరల నుంచీ సూర్యశక్తి కేంద్రాల నుంచీ వచ్చే తీగలకు కొట్టుకుని చనిపోతున్నది. ఈ తగాదా సుప్రీంకోర్టుకు వెళ్లింది. పిట్టలు తిరిగే ప్రాంతాల్లో తీగల్ని భూమిలో వేయాలని 2021 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. అంత విశాల ప్రాంతంలో అది సాధ్యం కాదనీ, బొగ్గు వాడకం తగ్గించడానికి సూర్యశక్తి కూడా కావాలనీ ప్రభుత్వం విన్నవించుకుంటే, 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సడలించి, నిపుణుల సంఘాన్ని వేసింది.

"అయితే ఇదే రాస్తాను" అన్నది.

"రోళ్లపాడులో పిట్టలు తగ్గింది తీగలవల్లనేనా?"

"కాదు. తాత చెప్పినవన్నీ ఉన్నాయి. తరువాత నీళ్లొచ్చాయి, జొన్నా కొర్రా పోయి వేరే పంటలొచ్చాయి."

ఇది మొదటిదానికి ఎదురు దోషం, అవ్యాప్తి. చెప్పిన మాట కావలసినంత మేరకు పరుచుకోలేదు.

మా వారు మధ్యే మార్గం చెప్పారు. "వేట, తీగలు, పొలాలు, జింకలు, గుడ్లు తినే కుక్కలు, అన్నీ కలిపి ఒకే వాక్యంలో వేసెయ్యి." ఆయనది బ్యాంకు ఉద్యోగం, కూడికలంటే ఇష్టం. కాని అది కిరాణా చీటీ అవుతుంది తప్ప ప్రతిజ్ఞ కాదు. ఇన్ని కారణాల్నీ గుచ్చిన దారం ఒకటుండాలి. అది దొరకాలి.

దారం కొస మా అమ్మాయికే దొరికింది. "ఈ పిట్టకు అడవి అక్కర్లేదు గదమ్మా. మరి దీని చోటును అభయారణ్యం అని ఎందుకన్నారు?" అన్నది.

నేను చదివినది తెలుగు. మాటల దగ్గరికి వస్తే నాకు ప్రాణం లేచివస్తుంది. నిజమే గదా! ఈ పిట్టకు చెట్లు పనికిరావు. మగపిట్ట ఆడటానికి మట్టమైన బయలు కావాలి. ఆడపిట్ట గుడ్డు పెట్టుకోవడానికి కాస్త చాటిచ్చే గడ్డి కావాలి. నాలుగు వైపులా కళ్లకు అడ్డు లేకుండా ఉండాలి. మేలు చేద్దామని ఆ నేలలో చెట్లు నాటితే దానికి కీడే చేసినవాళ్లమవుతాం. మనకు అడవి అంటే చెట్లు, పొలం అంటే పంట. చెట్లూ పంటా లేని గడ్డినేలకు మన లెక్కల్లో పేరే లేదు. ఉన్న పేరు ఒక్కటే: బంజరు.

బంజరు అనేది ఉత్తరాది నుంచి మనకు వచ్చిన మాట. దానికి తోడు పోరంబోకు ఒకటున్నది. అది తమిళం నుంచి వచ్చింది. "పుఱం" అంటే బయట. శిస్తు లెక్కకు బయట ఉన్న నేల అని అర్థం. శిస్తు రాని నేల కనుక పనికిరాని నేల అయింది. పనికిరాని నేల మాట కాస్తా చివరికి పనికిరాని మనిషిని తిట్టే తిట్టయింది. ఇదంతా తెల్లదొరల కాలంతో పోయిందనుకోవడానికి వీల్లేదు. మన హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం సహాయంతో కేంద్ర ప్రభుత్వం 2000 నుంచి ప్రచురిస్తూ వచ్చిన పటాల సంపుటానికి పేరే బంజరు భూముల అట్లాసు. పొదలున్న బయలు కూడా అందులో బంజరు కిందనే వస్తుంది.

ఇక చూడండి, కారణాలన్నీ ఒక్క దారానికి వస్తాయి. బంజరు కనుక దున్నుకొమ్మని పట్టాలిస్తారు. బంజరు కనుక చెట్లు నాటుతారు. బంజరు కనుక ఎడారిలో గాలిమరలూ తీగలూ వేస్తారు. ఎవరికీ దురాశ అక్కరలేదు. ఎవరి మట్టుకు వాళ్లు మంచిపనే చేస్తున్నారు. ఆ నేలలో ఒకరు కాపురముంటున్నారని మాత్రం ఎవరి కాగితంలోనూ లేదు.

ఈ మాటలు మేము మేడమెట్ల మీద కూర్చుని మాట్లాడుకుంటున్నాం. మామగారు ఎప్పుడు వచ్చారో, గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"బంజరని మేమెప్పుడూ అనలేదమ్మా" అన్నారు. "అది కాగితంలో మాట. మేం బీడు అనేటోళ్లం. బీడంటే ఊరికే పడి ఉండేది కాదు. గొర్రెలకు మేత, కొట్టం కప్పుకు గడ్డి, ఎనుములకు తిరిగే చోటు. వానకాలంలో ఆ పిట్టకూ అదే."

కాసేపు ఊరుకుని, మళ్లీ ఆయనే అన్నారు. "మన మూడెకరాలు కూడా ఆ బీడే. మా నాయనకు బంజరని రాసి పట్టా ఇచ్చినారు. నాయనా నేనూ రాళ్లేరి దున్నినాం. దాని మీదనే మీ నాన్న చదివె. దున్నకుంటే ఏం తిందుము? కానీ పిట్టకు జాగా తగ్గింది మాత్రం నిజమే." మనవరాలి వంక చూసి, "రాయి. అది కూడా రాయి" అన్నారు.

ఎదుట చదవగల వాక్యం

ఆ రాత్రి మా అమ్మాయి రాసిన వాక్యం ఇది:

"ఈ కాలంలో బట్టమేక పిట్టను వేటకన్నా ఎక్కువగా దెబ్బతీసింది దాని గడ్డినేలను బంజరని లెక్కగట్టడం, ఆ నేలను బీడుగా గుర్తించి, దాని అంచున సేద్యం చేసే రైతు నష్టాన్ని అందరమూ పంచుకుంటేనే పిట్ట నిలుస్తుంది."

కొంచెం పొడుగే. నేను దిద్దలేదు.

దీన్ని కాదనవచ్చు. వేట చేసిన చేటు తక్కువదా అని ఎవరైనా అడగవచ్చు. అడగనివ్వండి. దానికి జవాబుగా ఒక పేరా రాయవలసి ఉంటుంది. 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చి, ఈ పిట్టను వేటాడటం నేరమైన తరువాత కూడా దాని అంచనాలు పడిపోతూనే వచ్చాయని అందులో చూపించాలి. పిట్టకు కావలసిన నేల ఎటువంటిదో చెప్పడానికి ఒక పేరా. ఆ నేల కాగితాల్లో బంజరెలా అయిందో ఇంకొక పేరా. ఉదాహరణకు రోళ్లపాడు, ఉపనయానికి థార్ ఎడారి. మనిషికి మాత్రం తిండీ కరెంటూ అక్కరలేదా అనే ఆక్షేపణ ఒకటి వస్తుంది; దాన్ని తప్పించుకోకుండా ఎదుర్కోవాలి. జైసల్మేర్ జిల్లాలో 2019 నుంచి గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచుతున్నారు గదా, అది చాలదా అనే ప్రశ్న ఇంకొకటి. 2024లో కృత్రిమ గర్భధారణవల్ల కూడా ఒక పిల్ల పుట్టింది. సంతోషమే. పెరిగిన పిల్లను వదలడానికి బీడు ఏదీ?

ఇన్నీ ఆ ఒక్క వాక్యంలో నుంచే వచ్చాయి. వాక్యం సరిగ్గా కుదిరితే, తరువాత ఏమి రాయాలా అని పెన్ను కొరుక్కునే పని లేదు. ఏది రాయనక్కరలేదో కూడా అదే చెబుతుంది. పిట్ట ఈకల రంగుల మీద మా అమ్మాయి ముందే రాసి పెట్టుకున్న ఒకటిన్నర పేజీ వర్ణన, పాపం, అలాగే మిగిలిపోయింది.

మీ ఇళ్లల్లోనూ పిల్లలు ఇటువంటి వ్యాసాలు రాస్తూనే ఉంటారు. వాళ్లు మొదటి వాక్యం తీసుకువచ్చినప్పుడు నాలుగు ప్రశ్నలు అడిగి చూడండి. దీన్ని కాదనేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ప్రాణి పేరు మార్చినా వాక్యం అలాగే నిలుస్తున్నదా? ఎందుకు అని అడిగితే జవాబు దొరుకుతున్నదా? ఈ మూడూ తర్కం నేర్పిన ప్రశ్నలు. నాలుగోది మా మామగారు నేర్పినది: ఈ వాక్యం ఎవరిని తప్పుపడుతున్నదో, ఆ మనిషిని ఎదుట కూర్చోబెట్టుకుని దీన్ని పైకి చదవగలమా?

ఎదుట చదవలేని మాట మన వ్యాసాల్లో చాలా ఉంటుంది. దూరాన ఉన్నవాళ్లను దుర్మార్గులనడం తేలిక. పల్లెలో సేద్యగాడు, అడవిలో వేటగాడు, ఎక్కడో ఉన్న "మానవుడు" మన వ్యాసం చదవరనే ధైర్యంతో రాసేస్తాం. వాళ్లు చదువుతారని, చదివి జవాబు చెబుతారని అనుకుని రాస్తే వాక్యం వాడి తగ్గదు, గురి కుదురుతుంది. మా అమ్మాయి వాక్యం కడపటికి తాతగారిని వదిలిపెట్టలేదు. ఆయన మూడెకరాలూ వ్యాసంలో ఉన్నాయి. కాని ఈసారి ఆయన అందులో దోషిగా కాక, సాక్షిగా ఉన్నారు.

పోటీలో బహుమతి వచ్చిందా అని అడుగుతారేమో. రాలేదు. మా అమ్మాయి రెండు రోజులు ముఖం ముడుచుకుని, మూడో రోజుకు మరిచిపోయింది. నేను మాత్రం ఆ సెలవులు కాగానే నా తరగతిలో పాత నోట్సు పక్కన పెట్టి, ఎనిమిది మార్కుల వాక్యాల్ని బల్ల మీద రాసి, పిల్లల చేత పేర్లు మార్పించడం మొదలుపెట్టాను. బాగా నవ్వుకుంటున్నారు. నవ్వుకుంటూనే నేర్చుకుంటున్నారు.

కడపటి సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. వ్యాసం పోస్టులో వేసే ముందు మా అమ్మాయి ఆ వాక్యాన్ని తాతగారి ఎదుట నిలబడి చదివింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చదవమన్నారు. చదివింది.

"ఇది బాగుంది. దీనికి నేను జవాబు చెప్పగలను" అన్నారు.

చెప్పడం మొదలుపెట్టారు. ఆ సాయంకాలం కాఫీ రెండుసార్లు పెట్టవలసి వచ్చింది.